కొలెస్ట్రాల్ మాత్ర, కాల్షియం మాత్ర: అసలు గొడవ ఎక్కడుంది?

కొలెస్ట్రాల్ తగ్గించే రోసువాస్టాటిన్ వేసుకునేవాళ్లు కాల్షియం మాత్ర కూడా వేసుకోవచ్చా? ఐరన్ వేసుకోవచ్చా? మెగ్నీషియం సంగతేంటి? మందుల షాపులో అడిగితే "ఏం కాదు, వేసుకోండి" అంటారు. ఇంటర్నెట్‌లో వెతికితే ఒంట్లో ఏదో ఒకటి పాడైపోవడం ఖాయమన్నంత భయపెడతారు. ఈ రెండిట్లో షాపువాడి మాటే నిజానికి కాస్త దగ్గరగా ఉంటుంది. స్టాటిన్లకీ (రోసువాస్టాటిన్, అటోర్వాస్టాటిన్ లాంటి కొలెస్ట్రాల్ మందులకీ) ఖనిజాల మాత్రలకీ మధ్య నేరుగా ఉన్న పేచీ చిన్నది, అది కూడా కొన్ని రకాలతోనే. కాకపోతే ఇవే ఖనిజాలు ఇంట్లో ఉన్న మూడో మాత్రను పనిచేయనివ్వకుండా చేసి, ఆ దారిలో కొలెస్ట్రాల్ రిపోర్టును చెడగొట్టే వ్యవహారం ఒకటుంది. అసలు టెన్షన్ పడాల్సింది దాని గురించి, దాన్ని మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోరు.

ముందు ఒక అపోహ తీసేయాలి. మాత్రల షీట్ వెనక్కి తిప్పి చూస్తే "రోసువాస్టాటిన్ కాల్షియం" అనో "అటోర్వాస్టాటిన్ కాల్షియం" అనో ఉంటుంది. అది చదివి, ఇందులోనే కాల్షియం ఉంది కదా ఇంకోటి ఎందుకు అని కాల్షియం మాత్ర మానేసేవాళ్లూ ఉన్నారు, కాల్షియం ఎక్కువైపోతుందని కొలెస్ట్రాల్ మాత్ర మానేసేవాళ్లూ ఉన్నారు. మందు నిలవ ఉండటానికీ మాత్రగా కుదరడానికీ దాన్ని కాల్షియం లవణంగా తయారు చేస్తారు, అంతే. 10 మిల్లీగ్రాముల రోసువాస్టాటిన్ మాత్రలో అలా వచ్చే కాల్షియం అర మిల్లీగ్రాము కూడా ఉండదు. షెల్‌కాల్ 500 లాంటి మాత్ర ఒక్కదాంట్లో 500 మిల్లీగ్రాములు ఉంటుంది. అంటే వెయ్యి రెట్ల పైమాటే. ఎముకలకు ఆ షీట్ మీది కాల్షియం ఎందుకూ పనికిరాదు, గుండెకు దానివల్ల వచ్చే నష్టమూ లేదు.

ఇక నేరుగా ఉన్న గొడవ. ఇది తేలింది మనం "బలానికి" వేసుకునే మాత్రలతో కాదు, కడుపులో మంటకు తాగే యాంటాసిడ్‌తో. జెలూసిల్, డైజీన్ లాంటి వాటిలో అల్యూమినియం హైడ్రాక్సైడ్, మెగ్నీషియం హైడ్రాక్సైడ్ రెండూ ఉంటాయి. రోసువాస్టాటిన్‌నూ ఇలాంటి యాంటాసిడ్‌నూ ఒకేసారి ఇచ్చి చూసినప్పుడు రక్తంలోకి చేరిన రోసువాస్టాటిన్ 54 శాతం తగ్గింది. మాత్ర వేసుకున్న 2 గంటల తర్వాత యాంటాసిడ్ ఇస్తే తగ్గుదల 22 శాతమే. అందుకే రోసువాస్టాటిన్‌తో వచ్చే కాగితంలో, ఈ మాత్ర వేసుకున్నాక కనీసం 2 గంటలు ఆగి యాంటాసిడ్ తీసుకోమని రాసి ఉంటుంది. అటోర్వాస్టాటిన్‌కు కూడా అదే రకం యాంటాసిడ్‌తో పరీక్ష చేశారు, రక్తంలో మందు 35 శాతం దాకా తగ్గింది, కానీ ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, తగ్గాల్సినంతా తగ్గింది.

ఇదెలా సాధ్యం? మందు మూడో వంతు పోయినా పని మాత్రం పూర్తిగా ఎలా జరిగింది?

స్టాటిన్ల తీరే అంత. వాటి దమ్మంతా చిన్న డోసులోనే ఉంటుంది. డోసు రెట్టింపు చేసిన ప్రతిసారీ ఎల్‌డీఎల్ అదనంగా తగ్గేది 6 శాతం దరిదాపుల్లోనే. 2003లో వచ్చిన స్టెల్లార్ అనే పెద్ద పరీక్షలో రోసువాస్టాటిన్ 10 మిల్లీగ్రాములతో ఎల్‌డీఎల్ 46 శాతం తగ్గితే, 20తో 52, 40తో 55 శాతం తగ్గింది. దీన్ని తిప్పి చదివితే యాంటాసిడ్ లెక్క కూడా తేలిపోతుంది. రోసువాస్టాటిన్ 20 వేసుకుంటూ రోజూ వెంటనే జెలూసిల్ తాగేవాళ్లకు, మరీ చెడుగా లెక్కేసుకున్నా, 10 మాత్ర వేసుకున్నట్టవుతుంది. మొదట్లో 160 ఉన్న ఎల్‌డీఎల్ 77కి రావాల్సింది 86 దగ్గర ఆగుతుంది. బైపాస్ అయినవాళ్లకూ స్టెంట్ వేయించుకున్నవాళ్లకూ డాక్టర్లు 70 కంటే, వీలైతే 55 కంటే కిందకి తెమ్మంటారు కాబట్టి ఆ తొమ్మిది పాయింట్లు కూడా లెక్కలోకి వస్తాయి. మిగతావాళ్లు ఎప్పుడో పెళ్లి భోజనం అరక్క ఒక మూత డైజీన్ తాగినందుకు కంగారు పడక్కర్లేదు. "సగానికి సగం మందు పోతుంది" అన్న వాక్యం వినడానికి భయంకరంగా ఉంటుంది, రిపోర్టులో కనిపించే తేడా మాత్రం ఇంతే.

ఈనో సంగతి వేరు, అది సోడా ఉప్పు, సిట్రిక్ యాసిడ్ కలిసిన పొడి, ఈ అల్యూమినియం మెగ్నీషియం గోల దానికి లేదు (బీపీ ఉన్నవాళ్లకు అందులోని సోడియం ఇంకో తలనొప్పి, అది ఇక్కడ విషయం కాదు). పరగడుపున వేసుకునే పాంటోప్రజోల్ లాంటి గ్యాస్ మాత్రలు కూడా ఈ కోవలోకి రావు. వాటి కథ కింద వస్తుంది. ఇక మెగ్నీషియాన్ని విడిగా మాత్రగా తీసుకునేవాళ్లు, అది యాంటాసిడ్‌లో ఉన్న రెండిట్లో ఒకటి కాబట్టి, రోసువాస్టాటిన్‌కు 2 గంటలు ఎడం పెట్టుకుంటే సరిపోతుంది. కాల్షియం, ఐరన్ మాత్రల గురించి రోసువాస్టాటిన్ కాగితంలో గానీ అటోర్వాస్టాటిన్ కాగితంలో గానీ అలాంటి హెచ్చరికే లేదు.

అయితే గొడవ ఎక్కడుంది? థైరాయిడ్ మాత్ర దగ్గర.

నలభై దాటిన ఆడవాళ్లున్న ఇంట్లో మందుల డబ్బా తెరిస్తే కనిపించే వరస తెలిసిందే: పొద్దున్నే థైరాక్సిన్, తర్వాత కాల్షియం, రక్తం తక్కువ ఉందంటే ఐరన్, ఈ మధ్య కొలెస్ట్రాల్ ఎక్కువైందని స్టాటిన్. కాల్షియం, ఐరన్ రెండూ థైరాక్సిన్‌ను పేగుల్లోనే పట్టుకుని రక్తంలోకి పోనివ్వవు. 2000లో అమెరికాలో 20 మందికి థైరాక్సిన్‌తో పాటే రోజుకు 1200 మిల్లీగ్రాముల కాల్షియాన్ని కార్బొనేట్ రూపంలో మూడు నెలలు ఇచ్చి చూశారు. థైరాయిడ్ పనితీరు చూసే రక్తపరీక్ష టీఎస్‌హెచ్ సగటున 1.6 నుంచి 2.7కి పెరిగింది, అయిదుగురిలో ఒకరికి మామూలు హద్దు దాటింది. ఐరన్‌తో ఇంకా ఎక్కువ. 1992లో 14 మందికి 12 వారాల పాటు థైరాక్సిన్‌తో కలిపి ఫెర్రస్ సల్ఫేట్ ఇస్తే సగటు టీఎస్‌హెచ్ 1.6 నుంచి 5.4కి ఎగబాకింది. డోసు మారలేదు, కంపెనీ మారలేదు, మాత్ర ఒక్కరోజు కూడా మానలేదు, పక్కన ఇంకో మాత్ర చేరిందంతే.

టీఎస్‌హెచ్ పెరగడమంటే ఒంట్లో థైరాయిడ్ హార్మోన్ చాలడం లేదని. అక్కణ్నుంచి కొలెస్ట్రాల్‌కు దారి చాలా దగ్గర. రక్తంలో తిరిగే ఎల్‌డీఎల్‌ను లివర్ తన ఉపరితలం మీద ఉండే రిసెప్టర్లతో పట్టుకుని లోపలికి లాగేస్తుంది. ఆ రిసెప్టర్లు తగినన్ని తయారవడానికి థైరాయిడ్ హార్మోన్ కావాలి. హార్మోన్ తగ్గితే రిసెప్టర్లు తగ్గుతాయి, ఎల్‌డీఎల్ రక్తంలోనే ఉండిపోతుంది. స్టాటిన్ చేసే పని కూడా చివరికి ఈ రిసెప్టర్లను పెంచడమే. అంటే ఒక మాత్ర పెంచుతున్నదాన్ని, ఇంకో మాత్ర సరిగ్గా ఒంటికి పట్టకపోవడం వల్ల వచ్చిన లోటు తగ్గిస్తోంది. రిపోర్టు చూసిన డాక్టరుకు కనిపించేది ఒకటే, స్టాటిన్ ఇచ్చినా ఎల్‌డీఎల్ దిగలేదు. డోసు పెంచుతారు.

ఇక్కడితో అయిపోతే బాగానే ఉండేది. థైరాయిడ్ తక్కువగా ఉన్నవాళ్లకు స్టాటిన్ల వల్ల కండరాల నొప్పులు వచ్చే అవకాశం ఎక్కువని స్టాటిన్ కాగితాల్లోనే రాసి ఉంటుంది. థైరాయిడ్ తక్కువైతే స్టాటిన్ లేకపోయినా ఒళ్లు నొప్పులు, నీరసం, పిక్కలు పట్టేయడం ఎటూ ఉంటాయి. దాని మీద డోసు పెంచిన స్టాటిన్. నొప్పులు మొదలవుతాయి, ఇంట్లో అందరూ కలిసి "ఆ కొలెస్ట్రాల్ మాత్ర వల్లే" అని తేల్చేస్తారు, మాత్ర ఆగిపోతుంది, నొప్పులకు "ఎముకల బలం కోసం" అని కాల్షియం ఇంకొకటి పెరుగుతుంది. మొత్తం వ్యవహారం మొదలైంది ఆ కాల్షియంతోనే అన్న అనుమానం ఎవరికీ రాదు. స్టాటిన్ వేసుకుంటున్నా ఎల్‌డీఎల్ ఉన్నట్టుండి పెరిగితే, లేదా కొత్తగా నొప్పులొస్తే, స్టాటిన్‌ను తిట్టేముందు టీఎస్‌హెచ్ చేయించడం చవకైన పని, అది సరిగా లేకపోతే థైరాక్సిన్‌కూ కాల్షియం ఐరన్‌లకూ మధ్య 4 గంటల ఎడం ఉందో లేదో చూసుకోవడం ఇంకా చవకైన పని.

ఆ 4 గంటలు అన్నది వట్టి చాదస్తం కాదు. పొద్దున ఆరింటికి థైరాయిడ్ మాత్ర, ఏడున్నరకు టిఫిన్‌తో పాటు కాల్షియం వేసుకునేవాళ్లు చాలామంది "రెండూ వేరువేరుగానే వేసుకుంటున్నాం" అనుకుంటారు. గంటన్నర ఎడం ఎడం కాదు.

కండరాల నొప్పుల మాట వచ్చింది కాబట్టి మెగ్నీషియం గురించి చెప్పాలి. స్టాటిన్ వల్ల పిక్కలు పట్టేస్తున్నాయి, మెగ్నీషియం వేసుకుంటే పోతాయి అన్న సలహా వాట్సాప్‌లో బాగా తిరుగుతుంది. వయసు మళ్లినవాళ్లకు రాత్రిళ్లు పిక్కలు పట్టేయడాన్ని మెగ్నీషియం తగ్గిస్తుందా అని అప్పటిదాకా జరిగిన పరీక్షలన్నీ కలిపి కాక్రేన్ సంస్థ 2020లో సమీక్షించింది, పెద్దగా ఫలితం ఉండదనే తేల్చింది. విటమిన్ డి మీద కూడా ఇలాంటి నమ్మకమే ఉంది. అమెరికాలో స్టాటిన్ మొదలుపెట్టిన 2,083 మందిలో సగం మందికి విటమిన్ డి, సగం మందికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూస్తే నొప్పులొచ్చాయన్నవాళ్లు రెండు వైపులా 31 శాతమే. ఆ ఫలితం 2022లో వచ్చింది. ఎముకల కోసం డి వేసుకోవడం వేరే విషయం, స్టాటిన్ నొప్పులకు అది మందు కాదు.

అసలు ఆ నొప్పుల్లో స్టాటిన్ వాటా ఎంత? లండన్‌లో సామ్‌సన్ అని ఒక తెలివైన పరీక్ష జరిగింది. నొప్పుల్లాంటి ఇబ్బందులు భరించలేక స్టాటిన్ మానేసిన 60 మందిని తీసుకుని, ఏడాది పాటు కొన్ని నెలలు స్టాటిన్, కొన్ని నెలలు ఉత్తుత్తి మాత్ర, కొన్ని నెలలు ఖాళీ సీసా ఇచ్చారు. ఖాళీ సీసా నెలల్లో బాధ తక్కువ. మాత్ర అంటూ వేసుకున్న నెలల్లో బాధ ఎక్కువ, అది స్టాటిన్ అయినా ఉత్తుత్తిదైనా దాదాపు ఒకటే. బాధలో 90 శాతం మాత్ర వేసుకుంటున్నానన్న భావన వల్ల వచ్చిందేనని 2020లో లెక్క తేల్చారు. అలాగని నొప్పి అబద్ధమని కాదు, నొప్పి నిజంగానే ఉంటుంది. రెండు తొడలూ రెండు భుజాలూ ఒకేలా నొప్పెట్టి బలం తగ్గినట్టుంటే సీపీకే టెస్టు (కండరాలు దెబ్బతిన్నాయేమో చూసే రక్తపరీక్ష) చేయించాలి, మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తే ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. ఇవి అరుదు, కానీ వస్తే ఆలస్యం పనికిరాదు.

మెగ్నీషియం నిజంగా తక్కువై పిక్కలు పట్టేసేవాళ్లూ ఉంటారు, ఇక్కడే గ్యాస్ మాత్ర కథ వస్తుంది. పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ రకం మాత్రలు ఏళ్ల తరబడి వేసుకుంటే రక్తంలో మెగ్నీషియం పడిపోవచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2011లో హెచ్చరించింది, ముఖ్యంగా ఏడాది దాటి వాడేవాళ్లలో. వాళ్లు పరిశీలించిన కేసుల్లో నాలుగో వంతు మందికి మెగ్నీషియం మాత్రలిచ్చినా లాభం లేక గ్యాస్ మాత్రనే ఆపాల్సొచ్చింది. దీనికి బీపీ మాత్ర తోడవుతుంది, పేరు చివర "హెచ్" ఉండే చాలా బీపీ మాత్రల్లో హైడ్రోక్లోరోథయజైడ్ ఉంటుంది, అది పొటాషియాన్నీ మెగ్నీషియాన్నీ మూత్రంలో పంపించేస్తుంది. మన దగ్గర గుండె మందులతో పాటు గ్యాస్ మాత్ర రాయడం మామూలే, ఒకసారి మొదలైతే అది ఆగేదీ అరుదే. కాబట్టి స్టాటిన్, బీపీ మాత్ర, గ్యాస్ మాత్ర మూడూ వాడుతున్న మనిషికి పిక్కలు పట్టేస్తుంటే ముందు మెగ్నీషియం, పొటాషియం, టీఎస్‌హెచ్ చూడాలి. కిడ్నీ సరిగా లేనివాళ్లు టెస్టు లేకుండా మెగ్నీషియం మాత్రలు మొదలుపెట్టడం ప్రమాదం, ఎందుకంటే ఎక్కువైంది బయటికి పోదు.

జింక్ దగ్గర ఇంకో రకం మెలిక. కరోనా రోజుల్లో 50 మిల్లీగ్రాముల జింక్ మాత్రలు మిఠాయిల్లా పంచారు, కొంతమంది అప్పటి అలవాటు ఇంకా వదల్లేదు. 1980లో 12 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్లకు రోజుకు 160 మిల్లీగ్రాముల జింక్ అయిదు వారాలు ఇస్తే మంచి కొలెస్ట్రాల్, అంటే హెచ్‌డీఎల్, 25 శాతం పడిపోయింది. 160 చాలా ఎక్కువ డోసే, మామూలు మల్టీవిటమిన్‌లో ఉండేదానికి ఇది వర్తించదు. కాకపోతే పెద్దలకు రోజుకు 40 మిల్లీగ్రాములు దాటొద్దన్న హద్దు ఒకటుంది, అది దాటి నెలల తరబడి వాడితే ఒంట్లో రాగి కూడా తగ్గిపోతుంది.

యాంటీఆక్సిడెంట్ల పేరుతో అమ్మే సెలీనియం గురించి భయం పుట్టించింది 2001 నాటి హాట్స్ పరీక్ష. 160 మంది గుండె రోగులను నాలుగు గుంపులు చేసి, సిమ్వాస్టాటిన్, నియాసిన్ (కొలెస్ట్రాల్‌కు వాడే ఒక బి విటమిన్) ఒకవైపు, విటమిన్ ఇ, సి, బీటా కెరోటిన్, సెలీనియం కలిపిన గుళికలు ఇంకోవైపు పెట్టి మూడేళ్లు చూశారు. స్టాటిన్, నియాసిన్ గుంపులో గుండెపోటు లాంటి ఘటనలు 3 శాతం, వాటికి ఈ గుళికలు కలిపిన గుంపులో 14 శాతం, అన్నీ ఉత్తుత్తి మాత్రలే ఇచ్చిన గుంపులో 24 శాతం. అప్పట్లో ఇది పెద్ద వార్త. కానీ గుంపుకు నలభై మంది, ఒకరిద్దరు అటూ ఇటూ అయితే శాతాలు తారుమారవుతాయి. ఆ మరుసటేడాదే బ్రిటన్‌లో 20,536 మందితో అయిదేళ్లు నడిచిన హార్ట్ ప్రొటెక్షన్ స్టడీ ఫలితాలొచ్చాయి. అందులో విటమిన్ ఇ, సి, బీటా కెరోటిన్ వేసుకున్నవాళ్లకు వాటివల్ల లాభమూ లేదు, సిమ్వాస్టాటిన్ వల్ల వచ్చే మేలు తగ్గిందీ లేదు. అందులో సెలీనియం లేదు నిజమే. అయినా రెండిట్లో ఏ పరీక్ష మాట ఎక్కువ వినాలన్నది మనుషుల సంఖ్య చూస్తేనే తెలుస్తుంది. ఆ గుళికలకు పెట్టే డబ్బు దండగ అన్నది మాత్రం రెండు పరీక్షలూ ఒప్పుకునే మాట.

అమెరికా నుంచి పిల్లలు తెచ్చే పెద్ద మల్టీవిటమిన్ సీసాల్లో కాల్షియం, మెగ్నీషియం, జింక్, ఒక్కోసారి ఐరన్ అన్నీ ఒకే మాత్రలో ఉంటాయి. దాన్ని "విటమిన్ మాత్ర" అనుకుని థైరాక్సిన్‌తో కలిపి మింగేస్తే పైన చెప్పిన కథే జరుగుతుంది. ఆయుర్వేదం అని మినహాయింపేమీ లేదు, శంఖ భస్మం, ప్రవాళ భస్మం ప్రధానంగా కాల్షియమే, మండూర భస్మం, లోహ భస్మం ఐరన్. కడుపులో వీటికి ఏ శాస్త్రం తాలూకు మందో అన్న పట్టింపు ఉండదు. మన దేశంలో సప్లిమెంట్లుగా అమ్మేవి ఆహార నియంత్రణ సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ కింద ఆహారం కోవలోకి వస్తాయి, డబ్బా మీద "నాట్ ఫర్ మెడిసినల్ యూజ్" అని ఉండాలి. మందు కాదని వాళ్లే రాశారు కాబట్టి డాక్టర్ "ఇంకేం మందులు వాడుతున్నారు" అని అడిగితే రోగి కూడా దాని పేరు చెప్పడు.

గుండె సీటీలో కాల్షియం స్కోరు ఎక్కువొచ్చిందని కాల్షియం మాత్ర మానేసేవాళ్లకు ఒక మాట. రక్తనాళాల్లోని ఆ కాల్షియం పాత కొవ్వు పూడిక గట్టిపడిన గుర్తు. స్టాటిన్ వాడితే పూడిక గట్టిపడి స్కోరు కాస్త పెరగడం కూడా మామూలే, గట్టిపడిన పూడిక పగిలే ప్రమాదం తక్కువ. కాల్షియం మాత్రల వల్ల గుండెపోటు పెరుగుతుందా అన్న వాదన 2010 నుంచీ నడుస్తోంది, రెండు వైపులా నిపుణులున్నారు. పాలు, పెరుగు, రాగులు, నువ్వులు, ఆకుకూరలతో కాల్షియం సరిపోతున్నవాళ్లు మాత్ర జోలికి పోకపోవడం మేలన్నది మాత్రం ఏ వైపువాళ్లూ కాదనరు.

కొలెస్టిరమైన్ అనే పాత రకం పొడి మన దగ్గర కొలెస్ట్రాల్‌కు ఇప్పుడు ఎవరూ పెద్దగా రాయరు. వాడేవాళ్లుంటే అది థైరాక్సిన్‌నూ స్టాటిన్‌నూ కూడా పట్టేసుకుంటుంది, స్టాటిన్‌ను దానికి గంట ముందో 4 గంటల తర్వాతో వేసుకోవాలి. కొత్తగా వచ్చిన కొలెస్ట్రాల్ ఇంజెక్షన్లు కడుపులోకే పోవు కాబట్టి వాటికి ఈ ఎడాల బాధ లేదు.

ఇన్ని మాత్రలు ఒక రోజులో ఎలా సర్దాలంటే, పొద్దున్నే పరగడుపున వట్టి నీళ్లతో థైరాక్సిన్, అరగంట నుంచి గంట దాకా కాఫీ కూడా వద్దు. మధ్యాహ్నం భోజనంతో కాల్షియం, కార్బొనేట్ రకం అన్నంతోనే బాగా పడుతుంది. సాయంత్రం టీకి దూరంగా, నిమ్మరసంతో ఐరన్. రాత్రి స్టాటిన్. రాత్రి భోజనం అయ్యాక జెలూసిల్ తాగందే నిద్రపట్టనివాళ్లు, డాక్టరుకు ఒక మాట చెప్పి, రోసువాస్టాటిన్‌ను పొద్దున టిఫిన్ తర్వాతకు మార్చుకోవచ్చు. అది ఒంట్లో సగానికి తగ్గడానికే 19 గంటలు పడుతుంది, ఏ పూట వేసుకున్నా ఒకటే. అటోర్వాస్టాటిన్‌కూ అంతే. సిమ్వాస్టాటిన్ రెండు మూడు గంటల్లోనే తగ్గిపోతుంది, లివర్ కొలెస్ట్రాల్ తయారుచేసేది ఎక్కువగా రాత్రిపూట కాబట్టి దాన్ని మాత్రం రాత్రే వేసుకోవాలి.